నగిషీ బల్ల మీద మైక్రోస్కోప్: ఆరు వారాల డైరీ

1వ రోజు

రాగి రేకు మీద మిల్లీమీటరు ఎడంతో పది గీతలు చెక్కుదామని కూర్చున్నాను. ఆరో గీత వెళ్లి ఐదో గీతలో కలిసింది. ఎనిమిదోది మధ్యలో జారి రేకు అంచు దాకా గోకేసింది. నగిషీ పని మొదలుపెట్టి రెండు నెలలైనా ఇంకా తలకు తగిలించుకునే భూతద్దంతోనే నెట్టుకొస్తున్నాను. అది రెండున్నర రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, పనికీ దానికీ మధ్య 20 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. ఇంకాస్త పెద్దగా కనిపిస్తే గీతలు తిన్నగా వస్తాయేమోనని మూడున్నర రెట్ల అద్దం మార్చాను. దూరం 10 సెంటీమీటర్లకు పడిపోయింది. ముక్కు రేకుకు తగిలేంత వంగి అరగంట పనిచేసి లేస్తే మెడ పక్కకు తిరగలేదు.

ఇక మైక్రోస్కోప్ పెట్టాల్సిందే. నగిషీ పనికని ప్రత్యేకంగా అమ్మే సెట్ల ధరలు చూశాక ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నాను: మైక్రోస్కోప్ తల, అంటే లెన్సులుండే పై భాగం, ఒక్కటే కొంటాను, స్టాండు నేనే చేసుకుంటాను. స్టాండులో ఏముంది, ఒక పైపు నిలువుగా, ఒక పైపు అడ్డంగా, అంతే కదా అనుకున్నాను. ఈ వాక్యం మళ్లీ చదివి నవ్వుకోవడానికి ఇక్కడ రాసిపెడుతున్నాను.

3వ రోజు

కొనే ముందు ఇంట్లో ఉన్నదానితో ఒక ప్రయత్నం. చిన్న యూఎస్‌బీ మైక్రోస్కోప్ ఒకటి డ్రాయరులో పడి ఉంది. ల్యాప్‌టాప్‌కు తగిలించి, స్క్రీన్ చూస్తూ గ్రేవర్ (గీతలు చెక్కే సన్నటి ఉలి) తోశాను. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, పని మాత్రం సాగలేదు. చెయ్యి కదిలిన కాసేపటికి గానీ తెర మీద కదలదు. ఆ కాసేపు అంటే రెప్పపాటే, కానీ ఆపాను అనుకునేలోపు మొన గీత దాటిపోయి ఉంటోంది. పైగా లోతు తెలియదు. మొన రేకును తాకిందా, ఇంకా గాల్లోనే ఉందా అనేది తెర మీది బల్లపరుపు బొమ్మలో కనిపించదు, గీత పడ్డాకే తెలుస్తుంది. తీసి పక్కన పెట్టాను.

కాబట్టి స్టీరియో మైక్రోస్కోపే కావాలి. స్కూలు ల్యాబులో స్లైడ్లు చూసిన రకం దీనికి పనికిరాదు, అందులో బొమ్మ తలకిందులు, చెయ్యి కుడికి జరిపితే ఎడమకు పోతుంది. స్టీరియోలో బొమ్మ నిటారుగానే ఉంటుంది. ఒక్కో కన్నుకు ఒక్కో దారి ఉంటుంది. రెండూ కాస్త వేరే కోణాల్లోంచి చూస్తాయి కాబట్టి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. 1890ల్లో గ్రీనో అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఈ ఆలోచన చెబితే జర్మనీలోని జైస్ కంపెనీ తయారుచేసింది. చవకగా దొరికే స్టీరియో తలలు ఇప్పటికీ ఎక్కువగా ఆ నమూనావే, లోపల రెండు గొట్టాలు వీ ఆకారంలో కిందికి దగ్గరవుతూ ఉంటాయి.

9వ రోజు

సెకండ్ హ్యాండ్ తల వచ్చింది. కళ్లు ఆనించి చూసే ఐపీసులు పది రెట్లవి, 0.7 నుంచి 4.5 దాకా జూమ్. అంటే మొత్తం మీద 7 నుంచి 45 రెట్లు. పెట్టెలోంచి తీసి, రెండు లావుపాటి పుస్తకాల దొంతుల మధ్య నిలబెట్టి చూశాను. నాణెం మీద అక్షరాలు కొండల్లా కనిపించాయి. ఇరవై నిమిషాలు ఆడుకున్నాను. ఆ తర్వాత కణతల దగ్గర నొప్పి మొదలైంది.

కొత్త కదా, కళ్లు అలవాటు పడాలి అనుకున్నాను. మర్నాడు కూడా అదే నొప్పి వచ్చేసరికి అనుమానం వచ్చింది. తెల్ల కాగితం మీద సన్నటి పెన్సిల్‌తో కూడిక గుర్తు గీసి, సరిగ్గా మధ్యలోకి తెచ్చి, ఒక కన్ను మూస్తూ ఒక కన్ను తెరుస్తూ చూశాను. ఎడమ కంటికి గుర్తు మధ్యలో ఉంది. కుడి కంటికి కిందికి జారి ఉంది. పక్కకు కొద్దిగా జరిగితే కళ్లు సర్దుకుంటాయి, పైకీ కిందికీ తేడా ఉంటే సర్దుకోలేవు. ఒక కన్ను పైకి, ఒకటి కిందికి తిప్పే అలవాటు మనకు లేదు కదా. ఎక్కడో కింద పడేసిన తల అయ్యుంటుంది, లోపలి పట్టకం కదిలింది. అమ్మినాయన ముందు ఒప్పుకోలేదు. రెండు ఐపీసుల్లోంచీ ఫోన్‌తో ఫోటోలు తీసి పంపాక మాట్లాడకుండా వేరే తల పంపాడు. పాతది కొనేవాళ్లు ముందు ఈ పరీక్ష చేసి తర్వాత డబ్బు ఇవ్వండి. లెన్సు మీద గీతలున్నా పర్వాలేదు, ఇది మాత్రం వదలకండి.

14వ రోజు

రెండో తల బాగుంది. ఇప్పుడు దూరం సమస్య.

లెన్సు కింది అంచు నుంచి పని వస్తువుకు 10 సెంటీమీటర్లు. దాని కింద రింగ్ లైట్ బిగిస్తే ఇంకో రెండు పోయాయి. మిగిలిన ఎనిమిదిలో చెయ్యి దూరుతుంది గానీ మణికట్టు కాస్త ఎత్తితే లైటుకు కొట్టుకుంటుంది. దీనికి మందు తెలిసిందే: కింద 0.5 లెన్సు బిగించాలి. స్క్రూలా తిప్పితే ఎక్కుతుంది. దూరం 16.5 సెంటీమీటర్లయింది, స్కేలు పెట్టి కొలిచాను. పెద్దగా చూపించే శక్తి సగానికి తగ్గింది, మూడున్నర నుంచి 22.5 రెట్లు.

సగం పోయిందే అని బాధపడే పనేం లేదు. స్కేలును లెన్సు కింద పెట్టి చూస్తే మొత్తం పది రెట్ల దగ్గర 20 మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తోంది. చిన్న తీగ, రెండు ఆకులు అందులో పడతాయి. అదే 22.5 దగ్గర 9 మిల్లీమీటర్ల లోపే. గీత ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో కనబడని చోట వంపు సరిగ్గా తిప్పడం నావల్ల కాలేదు. మొదటి వారమంతా జూమ్ పెంచితే పని బాగుపడుతుందన్న భ్రమలో ఉన్నాను. ఇప్పుడు గీతలకు 6 నుంచి 10, మూల తిరిగే చోట 15, అంతకు మించి వెళ్లడం లేదు. ఆ లెన్సు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఎగిరే రజను దాని మీద పడుతుంది, అసలు లెన్సు మీద పడదు. పాడైనా అదొక్కటి మార్చుకుంటే చాలు.

16 నుంచి 23వ రోజు: స్టాండు

ఈ ఎనిమిది రోజుల గురించి ఎంత తక్కువ రాస్తే నా పరువుకు అంత మంచిది. కానీ ఈ ప్రాజెక్టు మొత్తంలో అసలు పని ఇక్కడే జరిగింది.

మొదటి స్టాండు: బల్లకు బిగించిన నిలువు పైపు, దానికి 60 సెంటీమీటర్ల అడ్డ చెయ్యి, 20 మిల్లీమీటర్ల కడ్డీతో. తల, ఫోకస్ మర కలిపి 4 కిలోలు. బిగించి, వేలితో ఐపీసును తాకి, చూశాను. బొమ్మ జెల్లీలా ఊగుతూనే ఉంది. లెక్కపెట్టాను, ఆగడానికి ఆరు సెకన్లు. గ్రేవర్‌ను సుత్తితో కొట్టే పని చేస్తే ఇక ఆగనే ఆగదు. పది రెట్లు పెద్దగా చూస్తున్నామంటే ఊగుడు కూడా పది రెట్లు పెద్దదవుతుందని నాకు తట్టనేలేదు.

మా బావ వెల్డింగ్ పని చేస్తాడు. చూడ్డానికి వచ్చి, చుట్టూ తిరిగి, "ఏం బావా, ఇది మైక్రోస్కోపా, క్రేనా?" అన్నాడు.

"ఊగుతోంది బావా. ఇంకో ఊతం వేద్దామా?"

"ఊతం తర్వాత. ముందు చెయ్యి నరుకు. అంత పొడుగెందుకు? బల్ల అవతల ఎవరికైనా అందివ్వాలా?"

ఆయన చెప్పింది నిజం. ఒక చివర పట్టుకుని ఇంకో చివర బరువు వేలాడదీసిన కడ్డీ ఎంత వంగుతుందనేది పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 60ని 45కి తగ్గిస్తే వంపు సగం కన్నా తగ్గి 42 శాతం దగ్గరికి వస్తుంది. కడ్డీ మందం దగ్గర ఇంకా లాభం. 20 నుంచి 25 మిల్లీమీటర్లకు వెళితే బిగువు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. రెండూ కలిపితే వంపు ఆరో వంతుకు దగ్గరగా పడిపోయింది. ఊగుడు ఆరు సెకన్ల నుంచి ఒకటిన్నరకు వచ్చింది. నేను కొనబోయిన రబ్బరు వాషర్ల ఖర్చు మిగిలింది.

అడ్డ చేతిని నిలువు పైపు వెనక్కి కూడా 20 సెంటీమీటర్లు పొడిగించి, ఆ చివర 9 కిలోల ఇనుప ముక్కలు కట్టాం. ముందు 4 కిలోలు 45 దగ్గర, వెనక 9 కిలోలు 20 దగ్గర, రెండూ గుణిస్తే 180. ఇప్పుడు స్క్రూ వదులు చేసినా తల దబ్బున కిందికి రాదు, వేలితో తోస్తే జరిగి ఆగుతుంది. అయినా నిలువు పైపు మీద, చెయ్యి కింద ఒక కాలర్ (పైపు చుట్టూ పట్టే కడియం) బిగించాను. తలను వేళ్ల మీద పడేసుకునే ఉద్దేశం లేదు. పైపు నిలువుగా ఉందో లేదో రసమట్టంతో చూశాను. లేదు. బల్లే ఒక పక్కకు వాలి ఉంది. కాలి కింద మడిచిన రేకు ముక్క పెట్టాను.

మిగిలిన ఒకటిన్నర సెకన్లు కూడా బల్ల వల్లే. బల్లను గోడకు రెండు బ్రాకెట్లతో కట్టేశాక అర సెకను. దాంతో బతకొచ్చు.

25వ రోజు

ఐపీసులు సరిచేసుకోవడానికి పది నిమిషాలు చాలు, కానీ ఎవరూ చేయరు, నేనూ చేయలేదు. జూమ్ మార్చిన ప్రతిసారీ ఫోకస్ పోతోంటే ఇది చవక సరుకు లక్షణం అనుకున్నాను. కాదు. రెండు ఐపీసుల రింగులూ సున్నా దగ్గర పెట్టి, జూమ్ పూర్తిగా పెంచి, మరతో ఫోకస్ చేయాలి. తర్వాత జూమ్ పూర్తిగా తగ్గించి, మరను ముట్టుకోకుండా ఒక్కో కన్నుకూ విడిగా ఐపీసు రింగు తిప్పి స్పష్టం చేసుకోవాలి. ఇంకోసారి తిరగేసి చేయాలి. ఇప్పుడు ఎటు తిప్పినా బొమ్మ చెదరదు. నా కుడి కన్ను రింగు సున్నాకు రెండు గీతలు అవతల ఆగింది. కళ్లజోడు నంబరు కూడా ఆ కంటికే ఎక్కువ, సరిపోయింది.

27వ రోజు: వెలుతురు

రింగ్ లైటులో 144 ఎల్ఈడీలు. మెరుగు పెట్టిన రాగి రేకు మీద 144 చుక్కలూ కనిపించాయి. గీత వాటి మధ్యలో ఎక్కడుందో వెతుక్కోవాలి. ట్రేసింగ్ పేపర్‌ను గుండ్రంగా కత్తిరించి లైటుకు అతికించాను, చుక్కలు పోయి తెల్లటి పొగ మిగిలింది. గీతలు మాత్రం రేకు మీద పెన్సిల్‌తో గీసినట్టు చదునుగా ఉన్నాయి. అన్ని వైపుల నుంచీ సమానంగా వెలుతురు పడితే నీడ ఉండదు, నీడ లేకపోతే లోతు కనబడదు. అంత కష్టపడి స్టీరియో తల తెచ్చుకుని దాన్ని వెలుతురుతో చంపేస్తున్నానన్నమాట.

రింగ్ లైటు ఆపేసి, మెడ వంగే చిన్న ఎల్ఈడీ దీపాన్ని ఎడమ వైపు పెట్టి, రేకుకు బాగా కిందుగా, ఏటవాలుగా వెలుతురు పంపాను. ఒక్కసారిగా గీతకు రెండు గోడలు వచ్చాయి. ఒకటి తళతళలాడుతోంది, ఎదుటిది నల్లగా ఉంది, అడుగున రెండూ కలిసే చోట వెంట్రుక లాంటి గీత. గీత పక్కన రేకు కాస్త ఉబ్బి లేచిన అంచు, అదే బర్, గోడ మీద పెంకుల వరుసలా కనిపించింది. అప్పటిదాకా వేలికి తగిలితే తప్ప అక్కడ అది ఉందని తెలియదు.

దీనికీ ఒక మెలిక ఉంది. దీపం కదలదు, రేకు తిరుగుతుంది. రేకును బిగించిన బాల్ వైస్ (బంతి ఆకారపు అడుగు మీద ఎటైనా తిరిగే పట్టుడు) తిప్పుతూ వంపు చెక్కుతుంటే ఒక దిక్కున గీత మాయమైపోతుంది, వెలుతురు గీత వెంబడి పడుతుంది కాబట్టి రెండు గోడలూ ఒకే రంగులోకి వస్తాయి. అందుకని రింగ్ లైటును బాగా తగ్గించి కలిపాను. తగ్గిస్తే అది మినుకుమినుకుమంటోందని ఫోన్ కెమెరాలో చూస్తే తెలిసింది, తెర మీద నల్లటి పట్టీలు పాకుతున్నాయి. డిమ్మర్ వాడడం మానేసి, పూర్తి వెలుతురులో ఉంచి ఇంకో రెండు పొరల ట్రేసింగ్ పేపర్ వేశాను. రేకును కూడా అద్దంలా మెరిపించడం ఆపేశాను. 1200 నంబరు ఎమరీ కాగితంతో ఒకే దిక్కుకు రుద్దితే కంటికి గుచ్చుకోదు, పెన్సిల్ గీత కూడా నిలుస్తుంది.

30వ రోజు

ఈరోజు చేతిలో పొడుచుకున్నాను.

మైక్రోస్కోప్‌లో కనిపించేది 20 మిల్లీమీటర్ల లోకం. గ్రేవర్ జారింది, ఆ లోకం దాటి వెళ్లింది, అవతల నా ఎడమ బొటనవేలు ఉంది. భూతద్దంతో అయితే వేలు కంటి చివర కనిపించేది, ఇక్కడ ఏమీ కనిపించదు. లోతుగా దిగలేదు, కానీ చాలాసేపు రక్తం ఆగలేదు. ఇకపై ఎడమ చెయ్యి బాల్ వైస్ కింది సగం మీదే ఉంటుంది. రేకు ఎత్తుకు ఒక్క వేలు కూడా రాకూడదు.

అసలు ఎందుకు జారిందన్నది ఆసక్తికరం. చేతి తప్పే అనుకుని మొనను లెన్సు కింద పెట్టి 20 రెట్లలో చూశాను. 120 డిగ్రీల గ్రేవర్ మొన సూదిలా ఉండాలి. కొస దగ్గర గింజంత, కాదు, గింజలో వందో వంతు ముక్క ఊడిపోయి ఉంది. వట్టి కంటికి నున్నగా, పదునుగానే ఉంది, గోటి మీద గీకినా పట్టుకుంటోంది. మొదటి రోజు ఎనిమిదో గీత జారింది గుర్తుందా? అప్పటి నుంచీ బహుశా విరిగిన మొనతోనే యుద్ధం చేస్తున్నాను.

సాన పట్టాను. మొన ముందు వాలు, అంటే ముఖం, 45 డిగ్రీలు. మొన కింది చిన్న వాలు, అంటే మడమ, 15 డిగ్రీలు. ముందు 600, తర్వాత 1200 వజ్రపు పలక, చివర మెరుగు. మడమను ఇంతకు ముందు అర మిల్లీమీటరు పైగా ఉంచేవాణ్ణి, లెన్సు కింద చూసి 0.3కి తగ్గించాను. పొడుగు మడమ వంపు తిరిగేటప్పుడు గీత బయటి గోడను రాసుకుంటూ నలుపుతుంది. ఆ నలుగుడు కూడా ఇన్నాళ్లూ నేను చేతి వణుకు అనుకున్నదే. డ్రాయరులో పడేసిన యూఎస్‌బీ మైక్రోస్కోప్‌కు ఇప్పుడు ఉద్యోగం దొరికింది. సాన రాయి పక్కన నిలబెట్టాను, మొనను తిప్పి తిప్పి చూడడానికి ఆలస్యం అడ్డు కాదు.

34వ రోజు

బాల్ వైస్ మధ్య. రేకు మీద ఒక చుక్క పెట్టి వైస్‌ను తిప్పితే చుక్క చక్రం కొట్టి కనుమరుగైంది. చుక్క కదలకుండా తిరిగేదాకా రేకును వైస్ దవడల్లో జరిపాను, తర్వాత తలను చుక్క మీదికి తెచ్చాను. ఈ రెండూ వేరువేరు పనులు, నేను మొదట ఒకటే అనుకుని గంట వృథా చేశాను. ముందు పని వస్తువు వైస్ మధ్యకు రావాలి, తర్వాత లెన్సు వైస్ మధ్యకు. అడ్డ చేతి మీద ఆ చోట రంగు పూశాను, తలను పక్కకు నెట్టినా మళ్లీ అక్కడికే తెచ్చి ఆపొచ్చు.

ఎత్తు కూడా ముఖ్యం. రేకు బంతి మధ్య కన్నా బాగా పైన ఉంటే, వైస్ వాల్చిన ప్రతిసారీ అది పక్కకు జరిగి ఫోకస్ పోతుంది. రేకును మందపాటి చెక్క ముక్కకు లక్కతో అతికించి బిగించేవాణ్ణి, చెక్కను సగానికి కోశాను.

38వ రోజు

కుర్చీ. అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని చివర చేశాను. నడుము నిటారుగా ఉంచి కళ్లు మూసుకుని కూర్చున్నాను, మా ఆవిడ ఐపీసులను నా కళ్ల దగ్గరికి తెచ్చి ఆపింది. "కదలకండి, కనురెప్పలు తగులుతున్నాయి" అంటూ స్కేలుతో కొలిచి చెప్పింది. నేను అనుకున్న ఎత్తు కన్నా ఏడు సెంటీమీటర్లు పైన. అంటే నెల రోజులుగా భూతద్దాన్ని వదిలినా వంగడం వదల్లేదు. తల పైకి జరిపితే ఫోకస్ దూరం చాలదు, కాబట్టి వైస్ కింద ఏడు సెంటీమీటర్ల దిమ్మ పెట్టి పైకి లేపాను. మోచేతులు గాల్లోకి లేచాయి, వాటికి రెండు చెక్క దిమ్మలు, పైన పాత దుప్పటి గుడ్డ. ఇవాళ రెండు గంటలు కూర్చున్నాను. మధ్యలో 20 నిమిషాలకోసారి తలెత్తి కిటికీ అవతలికి చూశాను, మెడ నొప్పి లేదు.

42వ రోజు

అదే రాగి రేకు, వెనక్కి తిప్పి. ఈసారి అర మిల్లీమీటరు ఎడంతో పది గీతలు. తక్కువ జూమ్‌లో మొనను లోపలికి తెచ్చుకుని, గీత మొదలుపెట్టే చోట ఆనించి, ఆ తర్వాత జూమ్ పెంచాను. మొదట్లో ఎక్కువ జూమ్‌లోనే మొన కోసం వెతుక్కుంటూ రేకంతా గోకేవాణ్ణి. ఊపిరి బిగపట్టకూడదని కూడా ఇప్పుడే తెలిసింది, బిగపడితే గీత చివర వణుకు వస్తుంది, మెల్లగా వదులుతూ తోస్తే రాదు.

పదిలో ఎనిమిది తిన్నగా వచ్చాయి. నాలుగోది మొదట్లో కాస్త లోతెక్కువైంది. తొమ్మిదోది బాగానే ఉంది గానీ పదోదానికి దగ్గరగా జరిగింది. రెండు గీతల మధ్య ఏదో నల్లటి బర్ అడ్డంగా పడి ఉందని గ్రేవర్‌తో తీయబోయాను. కదిలింది, వంగింది. నా కనుబొమ్మ వెంట్రుక.

ఏటవాలు దీపం ఇంకా పుస్తకాల దొంతి మీదే ఉంది. దానికి నిలువు పైపు నుంచే ఒక కొక్కెం చేయాలి. నరికిన అడ్డ చేతి ముక్క 15 సెంటీమీటర్లు మిగిలింది, సరిపోతుందని బావ అంటున్నాడు.